నాలుగువేళ్ళ సందు

తొమ్మిదేళ్ళుగా నాకు ఐదో నెలే. నెలలు నిండవు, పురుడూ రాదు. మా చిన్నది పుట్టి, పెరిగి, నాలుగో తరగతికొచ్చినా, నేను జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కితే చాలు, ఎవరో ఒకావిడ గబుక్కున లేచి "కూర్చోమ్మా, వట్టి మనిషివి కాదు" అంటుంది. మొదట్లో "కాదండీ, ఇది ఉత్త పొట్టే" అని నిజం చెప్పేదాన్ని. ఆవిడా సిగ్గుపడేది, నేనూ సిగ్గుపడేదాన్ని, మధ్యలో కండక్టరు పళ్ళికిలించేవాడు. కొన్నాళ్ళకి చెప్పటం మానేసి బుద్ధిగా కూర్చోవటం మొదలుపెట్టాను. ఒకసారి ఒకావిడ నాకోసమని సంచిలోంచి పుల్లమామిడికాయ ముక్క తీసిచ్చింది. అదీ తిన్నాను.

నా పేరు పరిమళ. నందిగామ అవతల జిల్లాపరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ అంటాడు మా ఆయన బెన్ని. ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో లారీల కాటా దగ్గర పని చేస్తాడు కాబట్టి ఎక్కువ తక్కువలు చెప్పటం ఆయన వృత్తి.

రెండు సిజేరియన్ల తర్వాత నా పొట్ట ఎన్ని నడకలకీ, ఎన్ని జొన్నరొట్టెలకీ లొంగలేదు. మూడో పీరియడ్‌కి నడుం పట్టేసేది. చివరికి విజయవాడలో డాక్టర్ ఉషశ్రీ గారు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం ఎత్తమని, బొడ్డు పైన వేళ్ళు పెట్టి చూసింది. నాలుగు వేళ్ళు లోపలికి దిగబడ్డాయి. "కాన్పుల్లో మీ కడుపు కండరాలు రెండు పక్కలకీ విడిపోయినాయండి. మధ్యలో నాలుగువేళ్ళ సందు. కండరాల్ని దగ్గరికి లాగి కుట్టి, పైన వేలాడే చర్మం తీసేస్తాం" అంది. దాన్నే టమ్మీ టక్ అంటారట.

నడుం నొప్పి నిజమే. కానీ నిజం మొత్తం అది కాదు. నా కుచ్చిళ్ళు సరిగ్గా నిలవాలనీ, అద్దంలో నన్ను నేను పక్కనుంచి చూసుకోవాలనీ కూడా నాకు ఉంది. అది తప్పని అప్పుడనుకున్నాను కాబట్టే ఇంత కథ జరిగింది.

ఆపరేషన్ వేసవి సెలవుల్లో పెట్టుకున్నాం. పెద్దది యశస్వినినీ చిన్నదాన్నీ జి.కొండూరులో మా అమ్మ దగ్గర దింపాం. సెలవు పెట్టే పని లేదు, స్టాఫ్‌రూములో సంజాయిషీ చెప్పే పని లేదు. ఇక మిగిలింది మా అత్తగారొక్కతే.

మా అత్తగారు ఆరోగ్యమ్మ వత్సవాయి అవతల ఊళ్ళో, మా ఆడపడుచు ఇంటి పక్కన ఉంటుంది. మిరపకోతలకీ పత్తితీతలకీ వెళ్ళి బెన్నిని డిగ్రీ దాకా చదివించింది. అరవై రెండేళ్ళొచ్చాయి, షుగరొచ్చింది, అయినా ఇప్పటికీ నీళ్ళబిందె నన్ను ముట్టుకోనివ్వదు. అలాంటి మనిషికి, పొట్ట తగ్గటానికి కత్తి పెట్టించుకుంటున్నానని ఎలా చెప్పాలి?

"హెర్నియా అని చెప్పండి" అన్నాను మా ఆయనతో. హెర్నియా అంటే ఎవరూ వివరాలు అడగరు.

ఆయన నా ముందే ఫోన్ చేశాడు. "అమ్మా, పరిమళకి కడుపులో చిన్న ఆపరేషను."

"ఏందిరా, గడ్డా?" అంది ఆవిడ అవతల్నుంచి.

అమ్మ గొంతు వింటే మా ఆయన ఎనిమిదో తరగతికి వెళ్ళిపోతాడు. "ఆ... అట్టాంటిదేనమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.

"హెర్నియా అనమంటే అనలేదేం?"

"తనే అడిగింది కదా, ఔనన్నా."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మాది అతకలేదు సరికదా, కాళ్ళొచ్చి వత్సవాయి మండలమంతా తిరిగింది.

ఆపరేషన్ మంగళవారం అయింది. శుక్రవారం కారులో ఇంటికి బయల్దేరాం. రెండు పక్కలా రెండు సన్నటి గొట్టాలు, వాటి చివర చిన్న బుడ్లు. లోపల ఊరే నీరు వాటిలోకి దిగుతుంది. పొట్ట చుట్టూ వెడల్పాటి బెల్టు. మే నెల ఎండలో ఆ బెల్టు వేసుకోవటం గురించి నేనేమీ రాయను, రాస్తే మా ప్రార్థన మందిరంలో వినిపించే భాష కాదు. పొట్ట మీద కొంతమేర స్పర్శే లేదు, ఎవరిదో పొట్ట నాకు తగిలించినట్టుంది. అన్నిటికన్నా విడ్డూరం నడుం. పదిహేను రోజులదాకా నిటారుగా నిలబడకూడదట, కుట్లు లాగుతాయట. కొడవలిలా వంగి నడవాలి. పరిటాల దగ్గర కారు కాస్త ఆగినప్పుడు కిటికీలోంచి ఆ పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం కనిపించింది. మా దేవుడు కాకపోయినా, అంత నిటారుగా నిలబడగలిగినందుకు ఆయన మీద నాకు నిజంగా అసూయ పుట్టింది. అక్కణ్ణుంచి జగ్గయ్యపేట దాకా ఎన్ని స్పీడ్‌బ్రేకర్లున్నాయో నాకు తెలిసినట్టు రోడ్డు వేసినవాళ్ళకి కూడా తెలిసుండదు.

ఇంటి గుమ్మంలో మా అత్తగారు నిలబడి ఉంది. ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో గోతాం సంచి. సంచినిండా బీరకాయలు.

"నా తల్లే, ఎట్టా వంగిపోయావే" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైంది, గడ్డే అబద్ధం. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కారులో ఏదో మర్చిపోయినట్టు వెనక్కి పోయాడు.

అక్కణ్ణుంచి పత్యం మొదలైంది. పొద్దున బీరకాయ, రాత్రి బీరకాయ, మధ్యలో మిరియాల చారు. డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది, గుడ్లు తినాలి, పప్పు తినాలి, చికెన్ తినాలి, అప్పుడే కుట్లు త్వరగా మానతాయని. మా అత్తగారు ఆ కాగితాన్ని గౌరవంగా బైబిల్లో పెట్టి మూసేసింది. "పప్పు తింటే చీము పడుద్ది" అంది. ఇక చర్చ లేదు. మా ఆయన ఉడికించిన గుడ్లు టిఫిన్ డబ్బాలో దొంగతనంగా తెచ్చేవాడు. రోజుకి రెండు, బాత్రూములో నిలబడి తినేదాన్ని. ముప్పై ఎనిమిదేళ్ళ ప్రభుత్వోపాధ్యాయిని, వంగిపోయిన నడుంతో, నల్లా తిప్పి, నీళ్ళ చప్పుడులో గుడ్డు నమలటం మీరు ఊహించుకోవాలి.

ఐదో రోజు ఊరికే ఏడుపొచ్చింది. ఏమీ జరగలేదు, ఫ్యాను తిరుగుతోంది, నేను ఏడుస్తున్నాను. అద్దంలో చూసుకుంటే వాచిపోయి, నీలం మచ్చలతో, ముందుకన్నా పెద్ద పొట్ట. ఇందుకా కోయించుకున్నానని బెంగ. డాక్టరమ్మ ముందే చెప్పింది, మొదటివారం ఇలాగే ఉంటుందనీ, వాపు పూర్తిగా పోవటానికి నెలలు పడుతుందనీ. చెప్పినప్పుడు తలూపాం, వచ్చినప్పుడు ఏడ్చాం. ఇక తుమ్ము సంగతి. తుమ్మొస్తే దిండు పొట్టకి గట్టిగా అదుముకోవాలి. మా ఇంటి వెనకే మిరపకాయలు దంచే మర ఉంది. నా అవస్థ ఎవరితో చెప్పుకోను!

ఇన్నిట్లోనూ మా అత్తగారే నన్ను నిలబెట్టింది. మోకాళ్ళ కింద దిండ్లు సర్దేది. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా నడవమన్నారని, రెండు గంటలకోసారి రెక్క పట్టుకుని హాల్లో తిప్పేది. బుడ్లలో నీరు కొలత గ్లాసులోకి వంచి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇయ్యాల ముప్పై అయిదు, నిన్నటి మీద తగ్గిందే" అని సంబరపడేది. ఒక గొట్టం ఏడో రోజున తీసేశారు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆవిడ వంటింట్లో గోడకి ఆనుకుని కూలబడింది. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. నేను లేవలేను, లేపలేను, కేకలు పెట్టాను. పంచదార నీళ్ళు తనే కలుపుకుని తాగి, "ఏం లేదే, ఎండ" అంది. ఎండే అనుకున్నాను.

తొమ్మిదో రోజు ఊర్నుంచి రత్నమణి అక్క నన్ను చూడటానికొచ్చింది. మా అత్తగారి మందిరంలో స్త్రీల కూడికకి పెద్ద ఆవిడ. రొట్టె, యాపిల్ పళ్ళు, హార్లిక్స్ సీసా పక్కన పెట్టి, నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది. కళ్ళు తెరిచి, "మీ అత్త లాంటి అత్త ఉండదమ్మా. నీకోసం ఒంటిపూట ఉంటంది" అంది.

"ఒంటిపూటేంటక్కా?"

"నీకు చెప్పలేదా? మొన్నాదివారం ఊరికొచ్చి మందిరంలో లేచి నిలబడింది. నా కోడలు తన కాళ్ళ మీద నడిచొచ్చి ఇక్కడ సాక్ష్యం చెప్పేదాకా రాత్రి ఒక్కపూటే తింటానని మొక్కుకుంది. అందరం ఏడ్చామనుకో."

షుగరు మాత్ర పొద్దున్నే వేసుకుని, రాత్రిదాకా ఏమీ తినకుండా, నాకు మాత్రం మూడు పూటలా వండిపెడుతోందన్నమాట. ఎండ కాదు, అది నా అబద్ధం.

సాక్ష్యం అంటే తెలియనివాళ్ళకి చెప్తాను. మాకు రోగం తగ్గినా, ఉద్యోగమొచ్చినా, పిల్ల పుట్టినా, ఆదివారం ఆరాధనలో అందరి ముందూ నిలబడి దేవుడు చేసిన మేలు నోరారా చెప్పాలి. అక్కడ అబద్ధం చెప్పరు. పొలం గట్టు దగ్గర చెప్తారు, పెళ్ళిసంబంధాల్లో చెప్తారు, అక్కడ మాత్రం చెప్పరు.

రత్నమణి అక్క వెళ్ళగానే వంగుతూనే వంటింట్లోకి వెళ్ళాను. "అత్తమ్మా, మీరు ముందు అన్నం తినండి."

"తిన్నా."

"తినలేదు. రత్నమణక్క చెప్పింది."

ఆవిడ బీరకాయ చెక్కు తీయటం ఆపలేదు. "దాని నోట్లో నువ్వుగింజ నానదు. దేవుడితో అన్నమాటే, నీతో అన్నది కాదు. నువ్వు పోయి పడుకో."

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే నన్ను కోప్పడింది. తినకుండా షుగరు మాత్ర వెయ్యొద్దనీ, అసలు ఆవిడ చేత వెంటనే తినిపించమనీ చెప్పింది. మాత్రని ఆపగలిగాను గానీ మొక్కుని ఆపలేకపోయాను. మా ఆయనకి ఫోన్ చేసి, "మీ అమ్మకి నిజం మీరే చెప్పండి" అన్నాను. "కాటా మీద లారీ ఉంది పరీ, మళ్ళీ చేస్తా" అన్నాడు. ఆ లారీ రెండు రోజులైనా కాటా దిగలేదు.

అప్పుడు నాకో ఉపాయం తట్టింది. శుక్రవారం రెండో గొట్టం తీసేశారు. కారులో వెళ్ళిరావచ్చు, బరువులెత్తొద్దు, బెల్టు తీయొద్దు అంది డాక్టరమ్మ. ఇంకేం, ఆదివారమే వెళ్ళి సాక్ష్యం చెప్పేస్తే సరి, ఆవిడ అన్నం ఆవిడ తింటుంది. మూడే వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. నా కడుపులో గడ్డ లేచింది. డాక్టర్లు దాన్ని తీసేశారు. దేవుడికి స్తోత్రం. మొదటిది అబద్ధం, రెండోది అబద్ధం, మూడోది నిజం. లెక్కల టీచర్ని కదా, మార్కులు వేసుకున్నాను. ముప్పై మూడు. పాసవటానికి రెండు తక్కువ.

శనివారం సాయంత్రం మా అత్తగారు నా తెల్లచీర ఇస్త్రీ చేస్తూ మహా ఉషారుగా ఉంది. "గడ్డ ఎంతుందే? నిమ్మకాయంత ఉందా, బత్తాయంత ఉందా? చెప్పేటప్పుడు చేత్తో చూపించు, వెనకోళ్ళకి కనపడాల."

నేను బెల్టు పట్టీ సర్దుకున్నాను.

"మా అక్క కడుపులో గడ్డతోనే పోయిందే" అంది, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి. "ఆస్పత్రికి తీసుకుపోయేతలికే ఆలస్యమైంది. బెన్నిగాడు ఫోన్లో గడ్డన్నాడు చూడు, మళ్ళీ మా అక్కే అనుకున్నా. నువ్వు ఇంటికొచ్చిన కాణ్ణుంచి తెల్లారి లేవంగానే ముందు నీ ఊపిరి చూసుకుంటన్నా."

అంతే, నా వల్ల కాలేదు.

"అత్తమ్మా, నాకు గడ్డ లేదు."

"తీసేశారుగా."

"తీసెయ్యటానికి అసలు లేదు. మేం అబద్ధం చెప్పాం."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "లేదా?"

"లేదు."

"అసలే లేదా?"

"లేదత్తమ్మా. ఒట్టు."

మీదపడి నన్ను చితకబాదుతుందనుకున్నాను. ఆవిడ నెమ్మదిగా నేల మీద కూర్చుని, రెండు చేతులూ పైకెత్తి, "స్తోత్రం తండ్రీ, స్తోత్రం, దానికి గడ్డ లేదు" అని వెక్కివెక్కి ఏడ్చింది. నన్ను తిట్టటానికి ముందు ఆవిడకి సంతోషం వచ్చింది. ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు ముందు, బస్సులో తొమ్మిదేళ్ళు పడ్డ సిగ్గంతా కలిపినా దిగదుడుపే.

తిట్లు ఆ తర్వాత వచ్చాయి, తీరిగ్గా, వరసగా. ముందు నన్ను, తర్వాత మా ఆయన్ని, ఆ తర్వాత చచ్చి ఎక్కడున్నాడో మా మావగార్ని. అన్నీ అయ్యాక ఊపిరి పీల్చుకుని అడిగింది. "మరి ఏం కోయించుకున్నావే ఇంత పొడుగున?"

చెప్పాను. కాన్పుల్లో కండరాలు విడిపోవటం, మధ్యలో నాలుగువేళ్ళ సందు, నడుం నొప్పి, బస్సులో సీటు. అద్దం సంగతి కూడా చెప్పాను. ఆవిడ నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. లేచి తలుపు గడియ పెట్టొచ్చి, చీర కుచ్చిళ్ళు వదులు చేసింది. లోపల, పొట్ట చుట్టూ బిగించి కట్టిన గళ్ళ తువ్వాలు. ముడి విప్పి, మంచం మీద వెల్లకిలా పడుకుంది.

"మీ డాక్టరమ్మ చూసినట్టు చూడు."

తల ఎత్తమని, బొడ్డు పైన వేళ్ళు పెట్టాను. నాలుగు వేళ్ళు కాదు, నా పిడికిలి మొత్తం లోపలికి పోయింది.

"బెన్నిగాడు పుట్టిన కాణ్ణుంచి ఇంతే" అంది పైకప్పు చూస్తూ. "వాడికి మూడో నెల రాంగానే కోతలకి పోయా. బస్తా ఎత్తితే కడుపు జారిపోయినట్టుండేది. మా అమ్మ తువ్వాలు కట్టుకోమంది. కట్టుకున్నా. మా కోతల ముఠాలో సగం మందికి ఉంటాయి ఈ తువ్వాళ్ళు. ఆడపుట్టుక పుట్టాక ఇంతేలే అనుకున్నాం." నా వైపు తిరిగింది. "దీనికి పేరుందా?"

"ఉందత్తమ్మా. డయాస్టాసిస్ అంటారు."

"నాకు నోరు తిరగదు. పేరుంది కదా, చాలు."

నేను వంగలేను, ఆవిణ్ణి పట్టుకోలేను. పక్కన కుర్చీలో కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. కుట్లు నొప్పి పుట్టేదాకా ఏడ్చాను. ఏడ్చినా లాగుతాయవి, తుమ్ములాగే.

"మరి ఇప్పుడైనా తినండి" అన్నాను చివరికి.

"మొక్కు మొక్కే. నువ్వు సాక్ష్యం చెప్తే తింటా." తువ్వాలు బిగించుకుంటూ, "ఏం చెప్తావో నీ ఇష్టం. నేనైతే అడ్డు రాను" అంది.

ఆదివారం వెళ్ళాం. ఊళ్ళో అందరూ మందిరం బయటికొచ్చి నిలబడ్డారు, నేను వంగి నడుస్తుంటే అయ్యో అయ్యో అంటూ. మా పాస్టరు బాలస్వామి అయ్యగారు పాటలు అయ్యాక నన్ను పిలిచారు. ఒక పక్క ఆడవాళ్ళు చాపల మీద, ఇంకో పక్క మగవాళ్ళు. నేను బల్ల పట్టుకుని నిలబడ్డాను. నోట్లో ఆ మూడు వాక్యాలూ ఉన్నాయి. అరనిమిషం పని. నా పరువు నాకుంటుంది, ఆవిడ అన్నం ఆవిడకుంటుంది.

మొదటి వరసలో మా అత్తగారు కూర్చుని ఉంది. తల దించుకుని, చెంగు చివర వేలికి చుట్టుకుంటోంది. నేను అబద్ధం చెప్పినా ఆమేన్ అనటానికి సిద్ధపడి వచ్చింది ఆవిడ. అది చూశాక ఇక నా నోరు తిరగలేదు.

"నాకు గడ్డ లేదండి" అన్నాను.

వెనక వరసల్లో ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"కాన్పుల్లో నా కడుపు కండరాలు విడిపోయినాయి. వాటిని కుట్టించుకున్నా. నడుం నొప్పి కోసం చేయించుకున్నా, పొట్ట బాగా కనపడాలని కూడా చేయించుకున్నా. మీరు నవ్వుతారని గడ్డ అని నమ్మనిచ్చాం. మీరందరూ నాకోసం ప్రార్థన చేశారు. మా అత్తమ్మ వారం రోజుల్నుంచి ఒంటిపూట తిని కళ్ళు తిరిగి పడిపోయింది. అది నా మూలాన. నన్ను క్షమించండి. నేను బాగానే ఉన్నా, దేవుడికి స్తోత్రం."

మగవాళ్ళ వైపు నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. "పొట్టక్కూడా సాక్ష్యమేనా" అని ఇంకెవరో గొణిగారు. బల్ల వదిలేసి కిందికి దిగబోయాను.

మా అత్తగారు లేచింది.

"ఎవడ్రా నవ్వింది? నవ్వమాకండి. మిమ్మల్ని మొయ్యబట్టే ఈ కడుపులు ఇట్టా అయినాయి." చెంగు నడుంలో దోపుకుంది. "నాకూ ఉంది. నా కోడలికి నాలుగు వేళ్ళు పట్టింది, నాకు పిడికిలి పట్టుద్ది. ముప్పై తొమ్మిదేళ్ళుగా తువ్వాలు కట్టుకుని మీ చేలల్లో వంగా. ఇది రోగమని నిన్నటిదాకా నాకు తెలవదు. దీనికి పేరుందంట. అది నా సాక్ష్యం."

ఆడవాళ్ళ చాపల మీద రత్నమణి అక్క, స్త్రీల కూడిక పెద్ద, తెలియకుండానే చెయ్యి తన నడుం మీద వేసుకుంది. పక్కనావిడ అది చూసింది. ఆవిడ చెయ్యి కూడా అక్కడికే పోయింది.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. పాతికేళ్ళ సేవలో ఇలాంటి సాక్ష్యానికి ఏం ప్రార్థన చెయ్యాలో ఆయనకి నేర్పలేదు. "ప్రభువా, ఈ తల్లుల కడుపుల్ని... అంటే, ఆ కండరాల్ని..." అని ఆగి, "నీకే తెలుసు తండ్రీ" అని ముగించారు. ఆమేన్ మాత్రం గట్టిగా వచ్చింది, అదీ ఆడవాళ్ళ వైపు నుంచి.

భోజనాల ముందు అయ్యగారి ఇంట్లో గది తలుపు వేసి చాపలు పరిచారు. నేను లెక్కల టీచర్నమ్మా, డాక్టర్ని కాదు అంటే వినేవాళ్ళెవరు! ఏడుగురు వెల్లకిలా పడుకుని, తలలెత్తి, ఎవరి బొడ్డు పైన వాళ్ళు వేళ్ళు పెట్టి చూసుకుంటున్నారు. "నాకు రెండు." "నాకు మూడే." "నీకంటే నాదే ఎక్కువ పో." ఆ పోటీ చూసి నాకు నవ్వాగలేదు. దిండు లేదు, రత్నమణి అక్క బైబిలు తీసుకుని పొట్టకి అదుముకున్నాను. నవ్వితే ఎంత నొప్పో చెప్పలేను, ఆపుకోవటం ఎంత కష్టమో కూడా చెప్పలేను.

మా అత్తగారు మంచి ఎండపూట, అందరి మధ్యా కూర్చుని, పప్పన్నం కలుపుకుని తింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటూ నా ఆకులో కూడా ఒక గరిటె పప్పు వేసింది. "తిను. చీము పడితే మీ డాక్టరమ్మ సంగతి చెప్తా. ఆ గుడ్లు కూడా ఇంట్లోనే తిను, బాత్రూమంతా కంపు కొడతంది."

ఆరు వారాలకి చూపించుకోవటానికి వెళ్ళినప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళాను. ఈ వయసులో, షుగరుతో కత్తి వద్దంది డాక్టరమ్మ. నందిగామలో ఒక ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికి పంపింది. వారానికి రెండుసార్లు కడుపు బిగించే వ్యాయామాలు, తువ్వాలు బదులు సరైన బెల్టు. కొత్తది కొందామంటే వద్దంది మా అత్తగారు. నాది ఉతికి, ఆరబెట్టి, చీర లోపల కట్టుకుని అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడింది. చాలాసేపు నిలబడింది. నేను చూడనట్టు గదిలోంచి బయటికొచ్చేశాను.

బళ్ళు తెరిచారు. మొన్న నా స్కూలు, ఆవిడ వ్యాయామం రెండూ అయ్యాక నందిగామలో ఇద్దరం కలిసి జగ్గయ్యపేట బస్సెక్కాం. బస్సు కిటకిటలాడుతోంది. మా అత్తగారికి సీటు దొరికింది. నాకోసం ఎవరూ లేవలేదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి, కమ్మీ పట్టుకుని, నిటారుగా నిలబడి ప్రయాణం చేశాను. కాళ్ళు పీకాయి గానీ బాగుంది.

చిల్లకల్లు దగ్గర ఒకమ్మాయి ఎక్కింది. ముప్పై ఉంటాయి, భుజాన హ్యాండ్‌బ్యాగు, మెళ్ళో ఆఫీసు కార్డు, ముందుకి పొడుచుకొచ్చిన పొట్ట. ఎవరో పెద్దావిడ వెంటనే లేచి "కూర్చోమ్మా, వట్టి మనిషివి కాదు" అంది. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయి, అటూ ఇటూ చూసి, మానేసి, మా అత్తగారి పక్కన కూర్చుంది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని పొట్ట కప్పుకుంది. ఆ బ్యాగు సర్దుకోవటం నాకు కొట్టినపిండి.

ఇప్పుడు ఎవరో ఒకరు ఎన్నో నెలమ్మా అని అడుగుతారు.

మా అత్తగారు ఆ అమ్మాయి వైపు కొంచెం ఒరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"కాన్పై ఎన్నేళ్ళయిందమ్మా?"

ఆ అమ్మాయి ఉలిక్కిపడి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆరేళ్ళండి" అంది.

"దానికి పేరుందమ్మా" అంది మా అత్తగారు. "చెప్తా, ఇట్టా దగ్గరికి జరుగు."